టూసాన్ సంఘాల శరణోద్యమం

1980 జులైలో ప్రాణభీతితో ఎల్ సాల్వడార్ విడిచి, దళారుల మాట నమ్మి, అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణపు టంచున ఆరిజోనా ఎడారిలో దారి తప్పిన ఒక బృందంలో 13 మంది దాహార్తులై మరణించగా, బ్రతికి బయటపడిన వారిని చేరదీసే బాధ్యతను టూసాన్ నగరపు చర్చిలు స్వీకరించాయి. ఆ ఏడాదే మార్చి 24న శాన్ సాల్వడార్ అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో దివ్యబలిపూజ నడుపుతూ తుపాకి గుండుకు బలి అయ్యాడు. దానికి సరిగ్గా వారం ముందు అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన శరణార్థుల చట్టం, స్వదేశంలో పీడనకు గురికాగలమన్న సహేతుకమైన భయం ఉన్నవారు ఏ దేశస్థులైనా ఆశ్రయం కోరవచ్చునని నిర్దేశించింది.

చట్టం ఇంత ఉదారమైనా దాని అమలు ప్రచ్ఛన్న యుద్ధపు అవసరాలకు లోబడింది. సాల్వడార్ ప్రభుత్వానికి ఆయుధ ధన సహాయాలు అందిస్తున్న రీగన్ పాలనకు, ఆ ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చినవారిని పీడితులుగా గుర్తించడమంటే తన విదేశాంగ నీతిని తానే ఖండించుకోవడమే. వీరు పేదరికం వల్ల వలస వచ్చినవారని అధికారులు వాదించారు. యుద్ధమూ దారిద్ర్యమూ పెనవేసుకున్న దేశాల విషయంలో ఆ వాదాన్ని పూర్తిగా నిరాధారమనలేము. కాని 1984లో సాల్వడార్, గ్వాటెమాలా దేశస్థుల దరఖాస్తులలో నూటికి మూడైనా మంజూరు కాకపోవడానికి అది చాలిన సమాధానం కాదు.

1981లో జిమ్ కార్బెట్ ఈ వ్యవహారంలో ప్రవేశించాడు. హార్వర్డులో తత్త్వశాస్త్రం చదివి, కీళ్లవాతంతో వంకరపోయిన చేతులతో పశుపోషణ సాగించిన ఈ క్వేకరు విశ్వాసి, నిర్బంధితులకు జామీను సొమ్ము సమకూర్చే ప్రయత్నంతో మొదలుపెట్టి, అది సముద్రాన్ని చెంబుతో తోడడం వంటిదని గ్రహించి, శరణార్థులను స్వయంగా సరిహద్దు దాటించసాగాడు. వారికి నీడనిచ్చిన చోట్లలో ముఖ్యమైనది సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ సంఘం. 1906లో టొహోనో ఓధమ్ ఆదివాసుల మధ్య మిషనుగా పుట్టిన ఆ మందిరం పేదవాడలో ఉండేది. ఏ ప్రజల పూర్వీకుల నేలను ఈ సరిహద్దు రేఖ రెండుగా చీల్చిందో, ఆ ప్రజలే దాని తొలి విశ్వాసులు. సంపన్న సంఘాలు సంకోచించిన చోట ఈ చిన్న సంఘం ముందడుగు వేయడానికి ఆ చరిత్ర కొంతవరకైనా కారణమై ఉండాలని నా అభిప్రాయం.

రహస్యసేవ ఆపకపోతే అభియోగం తప్పదన్న హెచ్చరిక ప్రభుత్వ పక్షం నుంచి అందినప్పుడు, సౌత్‌సైడ్ సంఘ కాపరి జాన్ ఫైఫ్, ఆయన సహచరులు లోతుగా ఆలోచించి, చాటుగా పట్టుబడటం కంటే బాహాటంగా ప్రకటించడమే మేలని నిశ్చయించారు. సంఘ సభ్యుల సమ్మతి పొంది, అటార్నీ జనరలుకు ముందుగా లేఖ వ్రాసి, రొమేరో రెండవ వర్ధంతినాడు, 1982 మార్చి 24న, తమ మందిరాన్ని శరణాలయంగా ప్రకటించారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిసర సంఘాలు అదే రోజున గొంతు కలిపాయి. కొన్నేళ్లలోనే వందలాది చర్చిలు, యూదు ప్రార్థనా మందిరాలు ఈ మార్గం పట్టాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తున్నది తాము కాదనీ, 1980 నాటి చట్టాన్ని ప్రభుత్వమే ఉల్లంఘిస్తుండగా దానిని తాము నెరవేరుస్తున్నామనీ కార్బెట్ వాదించాడు. ఉద్యమానికి గౌరవాన్నీ, స్థైర్యాన్నీ తెచ్చిపెట్టింది ఈ వాదమే.

అంతర్గత విభేదాలు లేకపోలేదు. ఆపన్నుడెవరైనా ఆదుకోవాలని టూసాన్ పట్టుబట్టగా, అమెరికా విదేశాంగ నీతికి వ్యతిరేకంగా సాక్ష్యమివ్వగల శరణార్థులకే ప్రాధాన్యమివ్వాలని షికాగో కార్యకర్తలు కోరారు. యుద్ధాన్ని దాని మూలంలో ఆపాలన్న షికాగో ఆరాటం అర్థం చేసుకోదగినదే. అయినా మాట్లాడగలిగినవారికే తలుపు తెరిచే ఆతిథ్యం, సువార్త ఆశించే ఆతిథ్యంలో సగమే అవుతుంది.

ప్రభుత్వం గూఢచారులను సంఘ సమావేశాలకూ, బైబిలు అధ్యయన కూటాలకూ పంపి సంభాషణలను రహస్యంగా ధ్వనిముద్రణ చేయించింది. 1985 జనవరిలో 16 మందిపై అభియోగాలు మోపింది. సరిహద్దు కావల నొగాలెస్‌లో చెరసాలలోని శరణార్థులను దర్శించే మెక్సికో గురువు రామోన్ కీన్యోనెస్, రానవసరం లేకపోయినా వచ్చి న్యాయస్థానంలో నిలిచాడు. ఎల్ సాల్వడార్ దుస్థితి గురించీ, నిందితుల మతవిశ్వాసం గురించీ సాక్ష్యం వినడానికి న్యాయమూర్తి అంగీకరించలేదు. 1986 మేలో విచారణ నెదుర్కొన్న 11 మందిలో ఫైఫ్ సహా ఎనిమిది మంది దోషులుగా తేలారు. కార్బెట్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎవరికీ కారాగారవాసం పడలేదు. సత్ప్రవర్తన షరతులతో విడిచిపెట్టారు.

నేరవిచారణలో ఓడిన పక్షం మరొక న్యాయస్థానంలో ఫలితం సాధించింది. అమెరికన్ బాప్టిస్టు సంఘాలు మొదటి వాదిగా 1985లో దాఖలైన వ్యాజ్యం 1991లో ఒప్పందంతో ముగిసి, సాల్వడార్, గ్వాటెమాలా దేశస్థుల తిరస్కృత దరఖాస్తుల పునర్విచారణకు దారి తీసింది. అయితే ఆ ఒప్పందం 1990 నాటికి అమెరికా గడ్డమీద ఉన్నవారికే వర్తించింది. అంతకుముందు దశాబ్దమంతా విమానాలెక్కించి తిప్పి పంపినవారికి దానివల్ల ఒరిగినదేమీ లేదు.