ఎనభై ఎనిమిది గ్రూపులు, మూడు కొలతల కోత: యూజ్‌నెట్ నిరోధంలో ఐఎస్‌పీల లెక్క

జాక్ గోల్డ్‌స్మిత్, టిమ్ వూ రాసిన ‘హూ కంట్రోల్స్ ది ఇంటర్నెట్?’ 2006లో వచ్చింది. అప్పటినుంచీ అంతర్జాల నియంత్రణ మీద వెలువడే వ్యాసాల్లో ఒకటే పాట: ప్రభుత్వం తన గడ్డమీదున్న మధ్యవర్తి మెడ వంచుతుంది, మధ్యవర్తి వంగుతాడు. ఈ వాదంలో మధ్యవర్తి అయిన ఐఎస్‌పీకి (ఇంటర్నెట్ సేవాసంస్థకు) సొంత బుర్ర లేదు, జమాఖర్చుల పుస్తకం అసలే లేదు. శాఖలుగా విడదీసిన చర్చా గ్రూపుల పాత వ్యవస్థ యూజ్‌నెట్; 2008 నాటి దాని ఉదంతం ఈ సిద్ధాంతానికి లొంగదు.

ఆ ఏడాది జూన్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ కువోమో వెరైజన్, టైమ్ వార్నర్ కేబుల్, స్ప్రింట్ అనే ఐఎస్‌పీలతో ఒప్పందాలు కుదిర్చారు. ఆయన మనుషులు చందాదారుల వేషంలో, బాలల అశ్లీల చిత్రాలు కనిపిస్తున్నాయని కంపెనీలకు ఫిర్యాదు చేశారు. పట్టించుకున్నవారు లేరు. ఇలాంటివి సహించబోమని చందాదారులకు కంపెనీలే మాట ఇచ్చి ఉన్నాయి కనుక, ఇది వినియోగదారుల మోసమని ఆయన పట్టుపట్టారు. కంపెనీలు 11,25,000 డాలర్లు ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నాయి.

అలాంటి చిత్రాలున్నట్టు దర్యాప్తులో బయటపడ్డ యూజ్‌నెట్ గ్రూపులు 88. మూతపడ్డవి మాత్రం వేలకు వేలు. స్ప్రింట్ ‘ఆల్ట్’ శాఖనంతటినీ తీసేసింది. కుంగుబాటుతో బాధపడేవారు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ‘ఆల్ట్.సపోర్ట్.డిప్రెషన్’, పుకార్ల పుట్టుక ఆరాతీసే ‘ఆల్ట్.ఫోక్‌లోర్.అర్బన్’ కూడా ఆ శాఖలోవే. వెరైజన్ ఎనిమిది ప్రధాన శాఖలను మాత్రం ఉంచుకుంది. టైమ్ వార్నర్ యూజ్‌నెట్‌నే వదిలించుకుంది. నేరం ఒకటే, అడిగిన అధికారి ఒకరే, కోత మాత్రం మూడు కొలతల్లో పడింది. రాజ్యమే కొలత చెప్పి ఉంటే మూడు చోట్లా ఒకేలా ఉండేది. గోల్డ్‌స్మిత్–వూల చట్రంలో ఈ తేడాకు చోటు లేదు.

తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే సర్వర్ గదిలోకి వెళ్లాలి. వెబ్‌సైటయితే ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఐఎస్‌పీ దారి చూపిస్తే చాలు. యూజ్‌నెట్ అలా కాదు. ఎవరో రాసిన సందేశం సర్వర్ నుంచి సర్వర్‌కు పాకుతుంది, సేవ అందించే ప్రతి ఐఎస్‌పీ తన ఖర్చుతో తన డిస్కుల మీద ఒక ప్రతి దాచాలి. ఉత్తరాలంత చిన్న సందేశాలున్నంతకాలం ఇది భారం కాలేదు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ముక్కలు ముక్కలుగా ఆల్ట్ శాఖలోని బైనరీ గ్రూపుల్లోకి దిగాక డిస్కులు చాలకుండా పోయాయి. ఈ సేవకు విడిగా రాబడి లేదు. నెలచందాలో కలిసి ఉచితంగా వచ్చేది. వెబ్ వచ్చాక చదివేవారూ తగ్గారు. పైకి ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టినట్టు కనిపిస్తుంది కానీ, ఆ ఇల్లు ఏనాటినుంచో అద్దె రానిది, మరమ్మతులకు డబ్బు మింగేది.

తెలుగువారికీ ఈ ఇంట్లో ఒక గది ఉండేది. యూనికోడ్ తెలుగు అందుబాటులోకి రాకముందు, రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకుంటూ, పద్యాల దగ్గర్నుంచి సినిమాల దాకా వాదులాడుకున్న ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అది. ‘సాక్’ ప్రధాన శాఖల్లో ఒకటి కనుక వెరైజన్ చందాదారుకు ఆ గది మిగిలింది. టైమ్ వార్నర్ చందాదారుకు కంపెనీ సర్వర్‌లో అదీ మిగల్లేదు. ఆ గ్రూపు చేసిన నేరమేమిటో ఏ ఉత్తర్వులోనూ వెతకనక్కర్లేదు.

తర్వాతి కథ చూడండి. వెరైజన్ ఉంచుకున్న ఎనిమిది శాఖలనూ 2009లో మూసేసింది. ఏటీ అండ్ టీ కూడా అదే ఏడాది మూసింది. యూజ్‌నెట్ పుట్టిన డ్యూక్ విశ్వవిద్యాలయం 2010లో తన సర్వర్ ఆపుతూ వాడకం తగ్గిందని, ఖర్చు పెరిగిందని కారణం చెప్పింది. డ్యూక్ ఏ అటార్నీ జనరల్ పేరూ చెప్పలేదు. మిగతావారు మనసులో పెట్టుకున్న కారణమూ ఇదేనని నా వాదం. కువోమో వారికి పరువైన సాకు అందించారు. బ్రిటన్‌లో ఐఎస్‌పీ బీటీ 2004లో ఖర్చుకోర్చి క్లీన్‌ఫీడ్ అనే వడపోతతో ఒక్కో పేజీనే ఆపగలిగిందన్న మాట నిజమే; కానీ అది ఖర్చుకు సిద్ధపడినందువల్లే.

పెన్సిల్వేనియాలోనూ ఇదే తంతు. ఆ రాష్ట్ర నిరోధ చట్టం కింద 400 లోపు సైట్లను ఆపబోయి ఐఎస్‌పీలు పది లక్షలకు పైగా నిర్దోష సైట్లను ఆపేశాయి. ఆ చట్టాన్ని 2004లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. మన దగ్గర 2003లో ‘కిన్‌హున్’ అనే ఒక్క యాహూ గ్రూపును ఆపమంటే యాహూ గ్రూప్స్ మొత్తం ఆగింది. 2006లో కొన్ని పేజీల జాబితా పంపితే బ్లాగ్‌స్పాట్ అంతా ఆగింది. తర్వాత ప్రభుత్వమే తెరవమనాల్సి వచ్చింది. ప్రభుత్వం అడిగినదానికంటే ఎక్కువ మూయడం విధేయత అనిపించుకోదు. ఏది చవకో అదే నిరోధపు హద్దు, అమెరికాలోనైనా ఇండియాలోనైనా.

మన పరిశోధకులు ఈ హద్దును కొలవాలన్నా ఆధారాలు చేతికి రావు. 2009 నిరోధ నియమావళిలోని 16వ నియమం ఫిర్యాదులనూ, వాటిపై తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచమంటోంది. ఏ ఐఎస్‌పీ ఏ చిరునామాను ఏ పద్ధతిలో ఆపిందో బహిరంగపరిచేలా ఆ నియమాన్ని సవరించాలి.