‘రన్’కి ఎన్ని అర్థాలు?

ఇంగ్లిష్‌లో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం ‘సెట్’ పేరే చెప్పేవారు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో దానికి 430 అర్థాలున్నాయి. ఇప్పుడు ఆ పేరు ‘రన్’ది. ఒక్క క్రియగానే 645 అర్థాలు! వాటిని విడదీసి వరుసపెట్టడానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు పీటర్ గిలివర్‌కు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. అంతటి ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

మనుషులు పరుగెత్తడం, నీళ్లు పారడం దీని పాత అర్థాలు. యంత్రాలొచ్చాక రైలు, గడియారం, మోటారు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రామూ దీని కిందికే చేరాయి.

మనకు ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, మోటారు తిరుగుతుంది, ఉతికితే రంగు దిగుతుంది. ఇంగ్లిష్‌వాళ్లకు అన్నిటికీ రన్ ఒక్కటే. కొట్టునీ పత్రికనీ మనం నడుపుతాం, వాళ్లు పరుగెత్తిస్తారు. మన ‘నడుపు’లోని నిదానమే నాకు ఎక్కువ ఇష్టం. ఎన్నికల్లో మాత్రం అమెరికావాళ్లే పరుగెత్తుతారు. బ్రిటన్‌వాళ్లు మనలాగే నిలబడతారు.

తెలుగులోకి కూడా ఈ మాట బాగానే వచ్చింది. క్రికెట్‌లో రన్‌ను పత్రికలు ‘పరుగు’ చేశాయి, చక్కగా అతికింది. సినిమాకు ‘లాంగ్ రన్’ ఉంది. ‘రన్నింగ్ బస్సు దిగకు’ అని పెద్దలు పిల్లల్ని హెచ్చరిస్తూనే ఉంటారు.

అనువాదం చేసే పిల్లలూ, రన్ కనిపించగానే ‘పరుగు’ అని రాసేయకండి. వాక్యం మొత్తం చదవండి.