సిద్ధాంత వ్యాసాలను దిద్దిన కార్యదర్శి



నోటు రాయడం, డ్రాఫ్టు పెట్టడం, సూపరింటెండెంటు గారు దానిని దిద్దడం, ఆపైన ఫెయిర్ కాపీ టైపు చేయించడం మనకు అందరికీ తెలిసినవే. విశ్వవిద్యాలయాల్లో పెద్ద చదువుల రాతలకు కూడా ఇటువంటి దిద్దుబాటు ఉంటుంది. ఆ దిద్దుబాటుకు నియమాలు ఏర్పరచిన వారిలో డిగ్రీలున్న ఆచార్యుల కంటే ముందు మనవంటి ఉద్యోగులే ఉన్నారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో నడిచిన ఆ చరిత్రను ఈ ప్రత్యేక సంచికలో క్లుప్తంగా మనవి చేస్తాను.

ఆ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1891లో ఆరంభమైంది. తొలి రోజుల్లో ఆచార్యులు తమ చేతిరాత ప్రతులను నేరుగా కంపోజిటర్లకు తెచ్చి ఇచ్చేవారు. ఆ రాతను కూడబలుక్కుని అక్షరాలు పేర్చడం వారి వంతు. తరువాత ప్రూఫులు చూసేవారు అచ్చుతప్పులే కాక, ఒకచోట ఒకలాగా మరొకచోట వేరొకలాగా ఉన్న రాతను కూడా సరిచేసేవారు. ఎవరికి తోచినట్లు వారు దిద్దితే పని సాగదు గనుక, సిబ్బంది అంతా కలిసి నియమాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారు. ఆ కాగితం పెరిగి చిన్న పుస్తకమైంది. 1903లో ముద్రణాలయానికి కొత్త భవనం కట్టినప్పుడు దాని ప్రతిని పునాది రాతిలో భద్రపరిచారంటే, దానికి ఎంత విలువ ఇచ్చారో ఊహించుకోవచ్చు. 1906లో అది సుమారు 200 పేజీల గ్రంథంగా, 50 సెంట్ల వెలకు బయటికి వచ్చింది. ‘షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్’ అని ఇప్పుడు ప్రసిద్ధమైన ఆ గ్రంథం 18వ కూర్పు 2024లో వెలువడింది.

అయితే అది అచ్చు వేసేవారి కోసం రాసిన పుస్తకం. సిద్ధాంత వ్యాసం టైపు చేయించుకునే విద్యార్థికి అంత పెద్ద గ్రంథం కొరుకుడు పడదు. ఆ లోటు తీర్చినవారు కేట్ టురేబియన్ గారు. ఆమె 1893లో షికాగోలోనే పుట్టారు. హైస్కూలు చదువు పూర్తయినా, అనారోగ్యం వల్ల కాలేజీలో చేరలేకపోయారు. ఒక ప్రకటనల సంస్థలో టైపిస్టుగా పనిచేశారు. 1925లో విశ్వవిద్యాలయంలో ఒక శాఖకు కార్యదర్శిగా చేరి, 1930 నుండి 1958 వరకు సిద్ధాంత వ్యాసాల కార్యదర్శిగా ఉన్నారు. ఆ 28 ఏళ్లు, పరిశోధక విద్యార్థి ఎంతటి మేధావి అయినా, అతని వ్యాసం ఆవిడ బల్ల దాటి వెళ్లవలసిందే.

వచ్చిన ప్రతి విద్యార్థికీ అదే మాట మళ్లీ మళ్లీ చెప్పే బదులు, 1937లో ఆమె ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. మార్జిను ఎంత విడవాలి, అధ్యాయాలకు శీర్షికలు ఎలా పెట్టాలి, పాదసూచికలు ఎలా ఇవ్వాలి, చదివిన గ్రంథాల పట్టిక ఎలా కూర్చాలి అన్నవి అందులోని విషయాలు. 1947లో విశ్వవిద్యాలయ ముద్రణాలయమే దాని పంపిణీ చేపట్టింది. 1955లో పూర్తి పుస్తకంగా ప్రచురించింది. నేటికి 90 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని ప్రచురణకర్తలు చెబుతారు. ఆమె 1987లో, 94వ ఏట కన్నుమూశారు.

ఇన్ని చిన్న నియమాలు ఎందుకని కొందరు విసుక్కుంటారు. మనం నోటు ఫైలులో ‘కరెంటు ఫైలు 23వ పేజీ చూడుడు’ అని ఎందుకు రాసేవారము? పై అధికారి మన మాటను గుడ్డిగా నమ్మనక్కరలేదు, కాగితం తిరగేసి తానే సరిచూసుకోవచ్చునని. పాదసూచిక చేసే పని కూడా అదే. ఆధారం చూపని విద్య నోటిమాటతో సమానం.

ఇక భాష సంగతి. ‘సదరు అంశమునకు సంబంధించి పరిశీలన గావింపబడినది’ అనే వాక్యం మనకు కొత్త కాదు. ఎవరు పరిశీలించారో అందులో లేదు. ‘ఈ లెక్కలను నేను పరిశీలించాను’ అంటే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. ఇంగ్లీషు విద్యారచనల్లోనూ ఈ జబ్బు ఉంది. అదే షికాగోలో పనిచేసిన జోసెఫ్ విలియమ్స్ అనే ఆచార్యుడు 1981లో శైలి గురించి రాసిన పుస్తకంలో ఇదే బోధించారు. పని చేసినవాడు కర్తగాను, చేసిన పని క్రియగాను వాక్యంలో కనబడితే సగం అస్పష్టత తొలగిపోతుందన్నది ఆయన చెప్పిన దాని సారాంశం.

దిద్దేవారికి కూడా ఒక హద్దు ఉంది. ‘కావచ్చు’ అని పరిశోధకుడు రాసిన చోట ‘అయినది’ అని మారిస్తే వాక్యం నునుపెక్కుతుంది గాని నిజం మారిపోతుంది. అనుమానం వస్తే మార్జినులో ప్రశ్న రాసి, రాసినవారినే అడగడం ధర్మం. ఇప్పుడు కంప్యూటరు అక్షరదోషాలు క్షణంలో చూపిస్తుంది. కాని రాసినవాడు చెప్పదలచినది చదివేవాడికి అందిందా లేదా అన్నది ఒక మనిషి కూర్చుని చదివితేనే తేలుతుంది.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం వేరొకటి ఉంది. టురేబియన్ గారి పుస్తకాన్ని 2007లో ఏడవ కూర్పుగా సవరించినవారు వేన్ బూత్, గ్రెగరీ కొలంబ్, ముందు చెప్పిన జోసెఫ్ విలియమ్స్. ముగ్గురూ పేరున్న ఆచార్యులు. పరిశోధన ఎలా చేయాలో వివరించే ఒక పెద్ద భాగాన్ని వారు ముందు చేర్చారు. కాని ముఖపత్రం మీద మొదటి పేరు ఆమెదే ఉంచారు. కాలేజీ మెట్టు ఎక్కలేకపోయిన ఒక కార్యదర్శి పేరు ఈనాటికీ డాక్టరేటు విద్యార్థుల బల్లల మీద ఉంది.

గుమాస్తా పని అంటే ఒకరు చెప్పింది ఎక్కించడమే అని లోకంలో ఒక చిన్నచూపు ఉంది. మన పిల్లలలో కూడా కొందరు అలాగే అనుకుంటారు. వారికి ఈ చరిత్ర చెప్పండి. మీ మనుమడో మనుమరాలో సిద్ధాంత వ్యాసం రాస్తుంటే, విషయం మనకు తెలియదని వెనుకాడక ఒక అధ్యాయం అడిగి తీసుకుని చదవండి. అర్థం కాని వాక్యం పక్కన పెన్సిలుతో ఒక గీత పెట్టండి. తేదీలు, పేజీ సంఖ్యలు సరిచూడండి. మన కళ్లకు ఆ అలవాటు ఇంకా పోలేదు.