తల మీద చెయ్యి పెట్టుకుని



మొన్న ఆదివారం రోమా 12వ అధ్యాయం మీద వాక్యం చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక అక్క వచ్చి, "అయ్యగారూ, శరీరాన్ని సజీవ యాగంగా దేవునికి ఇవ్వాలన్నారు. నేను మిరప కోతలకు పోయేదాన్ని, చదువు లేదు. నేనేం ఇస్తాను?" అని అడిగింది. అప్పటికప్పుడు సరైన జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక దోర్నకల్ అజరయ్య గారు గుర్తొచ్చారు.

ఆయన పుట్టుకతో తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో ఒక పాస్టరు గారింట పుట్టారు. పెద్దయ్యాక వై.ఎం.సి.ఎ. సెక్రటరీగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ విశ్వాసులు తామే మిషనరీలను పంపుతుండటం చూశారు. మరి తిరునల్వేలి సంఘాల మాటేమిటి? ఆ ప్రశ్న ఆయన మనసులో గుచ్చుకుంది. మరుసటి ఏడు, 1903లో, తోటివారితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టారు. మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే అన్నది దాని పద్ధతి. పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్.

ఇతరులను వెళ్ళమని ప్రోత్సహించడం సులువే. ఆ పని చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అజరయ్య గారు మాత్రం 1909లో ఆ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, తానే దోర్నకల్ వచ్చేశారు. సొంత ఊరికి వెయ్యి కిలోమీటర్ల పైనే దూరం. ముప్పై అయిదేళ్ళ వయసులో కొత్త భాష. తెలుగు నేర్చుకుని తెలుగులోనే బోధించారు. భార్య అన్బు అమ్మగారు ఆ పనిలో ఆయనకు తోడు నిలిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్పు కావడం అదే మొదటిసారి.

ఆ అక్క ప్రశ్నకు జవాబు నాకు దొరికింది ఈ బిషప్పు పదవిలో కాదు, ఆయన బాప్తిస్మం ఇచ్చే తీరులో. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలివాళ్ళు. చాలామందికి అక్షరం ముక్క రాదు. బాప్తిస్మం పొందేవాళ్ళ చేత ఆయన తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండలేనని పౌలు రాసిన మాట (1 కొరింథీ 9:16) పలికించేవారు. మన ఊళ్ళలో తల మీద చెయ్యి పెట్టుకుంటే అది ఎంత గట్టి మాటో నేను చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఒకరు ముట్టుకోవడానికి ఇష్టపడని తల అది. ఇప్పుడు దాని మీద వాళ్ళ చెయ్యే వాళ్ళను సేవకు ప్రత్యేకిస్తోంది. ఆ మాటతో కూలివాడు కూడా సువార్తికుడే. జీతం లేదు, చదువు అడగలేదు. పొలంలో పక్క సాలులో ఉన్నవాళ్ళే అతని పొలిమేర.

1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌ను నేను సెమినరీ రోజుల్లో చూశాను. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన కట్టడం. అప్పుడు కట్టడాన్నే చూశాను, దాన్ని నింపినవాళ్ళ గురించి ఆలోచించలేదు. అజరయ్య గారు 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువు నందు నిద్రించారు. తిరిగి సొంత ఊరికి వెళ్ళిపోలేదు.

వచ్చే నెల మన చెరువు దగ్గర నలుగురు బాప్తిస్మం తీసుకుంటున్నారు. ఇన్నేళ్ళలో నేను ఎవరి చేతా తల మీద చెయ్యి పెట్టించలేదు. ఈసారి అడుగుతాను. ఆ అక్క తన తమ్ముడి కోసం ఒడ్డున నిలబడుతుంది. ఆమెను కూడా అడగాలనుకుంటున్నాను.