అతకని కటి ఎముకలు

ఎముక విరిగితే పుత్తూరు కట్టు చాలనేవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. చెయ్యో కాలో అయితే ఆకుపసరు, గుడ్డు సొన పూసి వెదురు బద్దలు కట్టొచ్చు. కదలకుండా ఉంటే చాలా ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది! కానీ కటి ఎముకకి బద్ద ఎక్కడ కడతారు? అది నడుము కింద ఉంగరంలా ఉంటుంది. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడికి ఆ ఉంగరం ముందూ వెనకా విరిగితే ఒక సగం పైకి జరిగిపోతుంది. అలా అతికితే కాలు పొట్టి. అతక్కపోతే అడుగు తీసి అడుగు వెయ్యలేడు.

అయితే నాటువైద్యుణ్ణి తిట్టి ఊరుకోవడం హేతువాదం కాదని నా అభిప్రాయం. డాక్టర్లూ నమ్మకాల మీదే నడిచారు. ఫ్రాన్సులో మల్గేన్ ఈ రెండుచోట్ల విరుగుడుని 1847లోనే వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ళూ వైద్యమంటే ప్రధానంగా మంచం, నడుము కింద గుడ్డ ఊయల, కాలికి బరువు. ప్రాణం దక్కింది కదా, ఎముక అదే అతుక్కుంటుందనేవారు. ఇంటికెళ్ళాక రోగి ఏమయ్యాడని అడిగినవాళ్ళు తక్కువ.

ఇంగ్లండులోని షెఫీల్డులో హోల్డ్స్‌వర్త్ అడిగాడు. 50 మంది రోగుల సంగతి 1948లో ప్రచురించాడు. త్రికాస్థి పక్కనున్న కీలు ఊడినవాళ్ళలో సగానికి పైగా నొప్పితో పనికి దూరమయ్యారు. కెనడాలో పెన్నల్, మసాయా 1980లో ఎముక అతకని, లేదా ఆలస్యంగా అతికిన 42 మందిని లెక్కేశారు. ఆపరేషన్ చేసింది 18 మందికి, చెయ్యనిది 24 మందికి. పాత పనికి తిరిగి వెళ్ళినవాళ్ళు మొదటి గుంపులోనే ఎక్కువ.

అతకని చోట పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. దాన్ని గీకేసి, రోగి ఎముకనే కొంత తెచ్చి నింపి, ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఉంగరం వంకరపోతే పని పెద్దది. లెటూర్నెల్ శిష్యుడు, అమెరికా సర్జన్ జోయెల్ మాటా, సహచరులతో కలిసి 1996లో 37 మంది వివరాలిచ్చాడు. ముందువైపు విడదీసి, రోగిని తిప్పి వెనక విడదీసి, మళ్ళీ ముందుకి తిప్పి సరిచేసి బిగించడం (కొందరికి వెనకనుంచి మొదలు). సగటున ఏడు గంటలు! పక్కనే పెద్ద రక్తనాళాలు, కాలికెళ్ళే నరాలు. ఇది తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి.

అందుకే ఇప్పుడు కదిలిపోయే విరుగుళ్ళని మొదటి రోజుల్లోనే బిగించడానికి చూస్తారు. దెబ్బ తగిలి ఆరునెలలైనా నిలబడితే తుంటిలో, నడుం అడుగున నొప్పి పుడుతుంటే, మరో కట్టు కాదు, సీటీ స్కాన్ తీయించాలి.