ఉలి మొనలో ఉక్కు



మా బడిలో చేతిపనుల తరగతికని ఒకసారి జాతరలో తళతళలాడే ఉలి కొన్నాను. అరగంటకే మొన ఒరిగిపోయింది. ఊరి కమ్మరికి చూపిస్తే మొన మీద ఆకురాయితో గీకాడు. పొడి రాలింది. "ఇందులో ఉక్కు లేదు సార్" అన్నాడు. తన తాతగారి ఉలి మీద గీకితే ఆకురాయి జారిపోయింది. రెండూ నూరేది ఒకే సానరాయి మీద. మరి తేడా ఎక్కడ?

తేడా లోహంలోనే ఉంది. మెత్తని ఇనుములో కర్బనం నూటికి పావు పాలు కూడా ఉండదు. ఒక పాలు దాకా చేరితే అది మంచి ఉలికి పనికొచ్చే ఉక్కు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. అందుకే కమ్మరి మొన ఎండుగడ్డి రంగుకు తిరిగేదాకా దాన్ని మళ్లీ సన్నని సెగకు పెడతాడు. రంగు నీలానికి పోతే మెత్తబడి పదును నిలవదు.

ఉక్కు చేసే విద్య మనవాళ్లకు పాతది. నేటి తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. వాటికోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ కొలుములను చూసిన హెన్రీ వాయిసీ రాసిన వివరం 1832లో అచ్చయింది. లండన్‌లో కత్తులు చేసే స్టోడార్ట్, శాస్త్రవేత్త ఫారడే కలిసి 1820 ప్రాంతంలో ఇటువంటి ఉక్కు చేయబోయి రకరకాల లోహాలు కలిపి చూశారు. అసలు కీలకం కర్బనం. ఆ ముద్దల్లో అది నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు.

దొరలు దాన్ని "వూట్జ్" అన్నారు. ఆ మాట "ఉక్కు" నుంచే వచ్చిందని పండితుల అభిప్రాయం. తెలుగు ఉక్కా, కన్నడ ఉక్కా అని తగువులాడనక్కర్లేదు. మా బడిలో రెండు భాషల పిల్లలూ ఒకే మాట పలుకుతారు.

19వ శతాబ్దంలో చౌక విదేశీ లోహం దిగుమతయ్యాక ఆ కొలుములు చల్లారాయి. విద్య మాత్రం పూర్తిగా పోలేదు. లారీ కమాను కట్టను సాగగొట్టి ఉలి చేసే కమ్మరి నేటికీ ఆ రంగు చూసే మొన దించుతాడు.

కాబట్టి ఉలి కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకండి. ఇంట్లో తాతలనాటి ఉలి తుప్పు పట్టి ఉంటే పాత సామాన్లకు వేయకండి. సానరాయి పదును ఇస్తుంది. దాన్ని నిలిపేది ఉక్కు.