కోడిపిల్లల లింగ నిర్ధారణ

కోడిపిల్లలలో పుంజు పిల్లలను, పెట్ట పిల్లలను చిన్న వయసులోనే వేరుగా గుర్తించడాన్ని కోడిపిల్లల లింగ నిర్ధారణ అంటారు. గుడ్ల కోసం పెంచే లేయర్ జాతులలో దీనికి ప్రాముఖ్యత ఎక్కువ. ఈ జాతుల పుంజులు బ్రాయిలర్ కోళ్ళ వలె త్వరగా బరువు పెరగవు కనుక మాంసానికి కూడా గిట్టుబాటు కావు. పెట్టలలో పుంజులు కలిసి వస్తే, వాటిని గుర్తించే వరకు వేసిన దాణా రైతుకు నష్టమే.

జన్యు కారణం

కోళ్ళలో పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యు క్రోమోజోము ఉంటాయి. కావున పిల్ల లింగాన్ని నిర్ణయించేది తల్లి నుండి వచ్చే క్రోమోజోము. తల్లిలోని జడ్ క్రోమోజోము కొడుకులకు మాత్రమే చేరుతుంది. ఈకలను, రంగును బట్టి గుర్తించే పద్ధతులకు ఇదే ఆధారం.

పద్ధతులు

అవస్కర పరీక్ష: ఈ పద్ధతిని 1920 దశకంలో జపాను శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. పిల్ల పుట్టిన ఒక రోజు లోపల దాని రెట్టను సున్నితంగా వెలికి తీసి, అవస్కరం లోపలి అంచును పరిశీలిస్తారు. పుంజు పిల్లలో పూస వంటి చిన్న బుడిపె కనిపిస్తుంది. కొన్ని పెట్ట పిల్లలలో కూడా ఇటువంటిది ఉండటం వలన దీనికి దీర్ఘకాల శిక్షణ అవసరం. అనుభవం లేనివారు ఒత్తితే పిల్ల చనిపోవచ్చు.

ఈకల పరీక్ష: ఈకలు నెమ్మదిగా పెరిగే గుణం బహిర్గతమైనది; దాని జన్యువు జడ్ క్రోమోజోముపై ఉంటుంది. ఈ గుణం గల పెట్టను ఈకలు త్వరగా పెరిగే పుంజుతో సంకరం చేస్తే, కొడుకులకు తల్లి గుణం, కూతుళ్ళకు తండ్రి గుణం వస్తాయి. మొదటి రోజున పెట్ట పిల్ల రెక్క అంచు ఈకలు వాటి మొదళ్ళను కప్పే ఈకల కంటే పొడవుగా ఉంటాయి. పుంజు పిల్లలో అవి సమానంగా లేదా పొట్టిగా ఉంటాయి. ఇటువంటి సంకరం కాని కోళ్ళలో ఈ పరీక్ష పనిచేయదు.

రంగు పరీక్ష: రోడ్ ఐలండ్ రెడ్ పుంజును బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టతో సంకరం చేస్తే పిల్లలన్నీ నల్లగా పుడతాయి. పుంజు పిల్లల తలపై మాత్రం తెల్లని మచ్చ ఉంటుంది. జన్యుశాస్త్ర విద్యార్థులకు పన్నెట్ చతురస్రం ద్వారా పరిచితుడైన రెజినాల్డ్ పన్నెట్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇటువంటి లక్షణాలపై పరిశోధించి, పుట్టగానే రంగును బట్టి లింగం తెలిసే కాంబార్ జాతి రూపకల్పనలో పాలుపంచుకున్నాడు.

పెరటి కోళ్ళలో

నాటు కోళ్ళలో కొన్ని వారాలు వేచి చూడటమే సులభమైన మార్గం. సుమారు 6 నుండి 8 వారాలకు పుంజు పిల్ల తురాయి పెద్దదై ఎర్రబడుతుంది. ఆ తరువాత మెడపైన, నడుము వద్ద కొనదేలిన ఈకలు వస్తాయి. పెట్టలో ఇవి గుండ్రంగా ఉంటాయి. కొనదేలిన గుడ్డు నుండి పుంజు, గుండ్రని గుడ్డు నుండి పెట్ట పుడతాయన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు.

నైతిక సమస్య

లింగ నిర్ధారణ తరువాత లేయర్ జాతుల పుంజు పిల్లలను మొదటి రోజే చంపివేయడం అనేక దేశాలలో ఆచారంగా వచ్చింది. జర్మనీ ఈ పద్ధతిని 2022 జనవరి 1 నుండి నిషేధించింది. దీనికి ప్రత్యామ్నాయంగా, 21 రోజుల పొదుగు కాలం పూర్తికాక ముందే గుడ్డులోని పిండం లింగాన్ని తెలుసుకొనే యంత్రాలు కొన్ని దేశాలలో వాడుకలోకి వచ్చాయి.